తలమీద నీళ్ళు

పురసవాక్కం,
సోమవారం

శ్రీవారికి,

నమస్కారం. ఎంత కోపంలో ఉన్నా ఉత్తరం నమస్కారంతోనే మొదలుపెట్టాలని మా నాన్న నేర్పాడు కాబట్టి పెడుతున్నాను. మీ మీద గౌరవం పొంగిపొర్లి మాత్రం కాదు.

క్యారియర్ పైగిన్నెలో అప్పడాలకు బదులు కాగితం కనిపించిందని కంగారుపడకండి. అప్పడాలు కింది గిన్నెలో ఉన్నాయి. ఫోన్‌లో రాస్తే మీరు చదివి కూడా చదవనట్టు ఉండిపోతారు. ఇంట్లో మాట్లాడదామంటే గోడకు అవతల అత్తమ్మ చెవులు. క్యారియర్ ఒక్కటే మీ చేత్తో మీరు తెరుస్తారు. ఇక రోజూ ఇందులోనే నా మాటలు వస్తాయి. అన్నం కావాలంటే ముందు ఇవి చదవాలి.

నిన్న నేను అంబత్తూరులో మన అమ్మాయి మధుమిత వాళ్ళింటికి వెళ్ళి తిరిగొచ్చేసరికి బాత్రూమ్ పని అయిపోయి ఉంది. ప్లంబర్ ఆంటో సామాను సర్దుకుంటున్నాడు. నేను చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా ఆత్రంగా లోపలికి వెళ్ళి తలెత్తి చూశాను. షవర్ ఉండాల్సిన చోట పైపు నోటికి తెల్ల ప్లాస్టిక్ బిరడా కొట్టి ఉంది. కింద, నడుమెత్తున, పొడుగాటి గొట్టంతో ఒక చేతి షవర్ వేలాడుతోంది. వీధిలో కార్లు కడుగుతారే, అట్లాంటిది.

"ఇదేంటి ఆంటో? నేను కొన్నది ఏది?" అన్నాను. అతను నా మొహం వైపు చూడలేదు. "పాటి వేండామ్నుట్టాంగమ్మా. సారుమ్ సరీన్నుట్టారు" అని నసిగాడు. పెద్దామె వద్దందట, సారు సరే అన్నారట. రోజూ ఆ నాపరాళ్ళు రుద్ది కడిగినదాన్ని, గోడ ఊరుతోందని మొత్తుకుని మొత్తుకుని పైపులు మార్పించినదాన్ని నేను. నన్ను అడగాలని ఎవరికీ తోచలేదు.

అత్తమ్మ హాల్లో సోఫాలో కూర్చుని ఉంది. దొంగతనం దొరికినవాళ్ళకుండే బెరుకు కూడా లేదు. "ఏమే, అట్టా చూస్తా ఉండావు? కొత్త అల్లుడు తల దీపావళికి, పెళ్ళైనాక మొదటి పండక్కి, వస్తా ఉండాడు. ఆ పిల్లోడికి తలంటి నీళ్ళు పోయాలనే గదా ఈ రిపేరంతా! తలమీదనించి దడదడా నీళ్ళు దిగేది సావు కబురు ఇన్నప్పుడే. పండగపూట ఆ పిల్లోడు ఆడ నిలబడి సావు స్నానం చేయాల్నా? అయినా బకెట్లు అమ్మేవాళ్ళింట్లో బకెట్లకేం కరువు?" అంది. మీ హోల్‌సేల్ స్టీలు వ్యాపారం ఇన్నేళ్ళకు నా స్నానానికి కూడా అడ్డొచ్చింది.

ఆ షవర్‌ను నేను ఊరికే ఎంచుకోలేదండీ. మన బోరు నీళ్ళ ఉప్పుకి రంధ్రాలు పూడిపోతాయి కాబట్టి, వేలితో రుద్దితే శుభ్రపడే రబ్బరు రంధ్రాలున్నది వెతికాను. మిద్దె మీది ట్యాంకు ఎత్తు చాలదు, పంపు పెట్టకపోతే నీళ్ళు ఏడుస్తూ వస్తాయని ఆంటోని అడిగి తెలుసుకున్నాను. అన్నం పళ్ళెమంత వెడల్పున్నది తీసుకున్నాను. "కింద నిలబడితే మనిషి ఒకేసారి మొత్తం తడుస్తుందా?" అని షాపతన్ని అడిగితే, "వానలో నిలబడినట్టే మేడమ్" అన్నాడు. మీరు నా పక్కనే ఉన్నారు. బాగుంది, తీసుకో అన్నారు. అదే ఎందుకు కావాలని మాత్రం అడగలేదు.

పెట్టె మీ గోడౌన్‌లో పడేసి ఉందని క్యారియర్ తీసుకెళ్ళే కుర్రాడు వేలు చెప్పాడు. మీ షాపు మనిషే అయినా అబద్ధం చెప్పలేకపోయాడు. ఆ పెట్టె తిరిగి ఇంటికి రావాలి. నేను ఎంచిన షవర్ నేను చెప్పిన చోట, నా తలకంటే పైన బిగించాలి. అప్పటిదాకా ఈ ఇంట్లో మీకు అన్నం వస్తుంది, నా నోటినుంచి మాట రాదు.

మళ్ళీ నాకు చెప్పకుండా చేశారు. ఆ 'మళ్ళీ' ఎందుకు రాశానో మీకు తెలుసు.

ఇట్లు,
చెప్పకపోయినా పర్వాలేదని మీరనుకునే
సునయన

*

షాపునుంచి,
సోమవారం

సునయనకు,

క్యారియర్ అందింది. వంకాయ కూర బాగుంది. సాంబారులో ఉప్పు ఎక్కువైంది.

ఒక షవర్ కోసం ఇంత రాయాలా? అమ్మ వయసు చూడు. ఆమె నమ్మకం ఆమెది. దీపావళి కానీ, ఆ తర్వాత నిదానంగా చూద్దాం. చేతి షవర్ కూడా మంచి కంపెనీదే. పైకెత్తి పట్టుకుంటే తలకీ పోసుకోవచ్చు. ఆ పాత సంగతి మళ్ళీ ఎందుకు ఎత్తుతావు? అయిందేదో అయిపోయింది.

విజయకుమార్

*

పురసవాక్కం,
మంగళవారం

ఉప్పెక్కువైన సాంబారు తిని కూడా దాహం వెయ్యని మా వారికి,

నమస్కారం.

అయిందేదో అయిపోయిందా? మీకు అయిపోయింది. నాకు ఇంకా మొదలే కాలేదు. మొదలు కానివ్వలేదు మీరు. ఈ రోజు అంతా రాస్తాను. అన్నం చల్లారిపోయినా సరే, చివరిదాకా చదవండి.

శ్రావణంలో మధు పెళ్ళికి ముందురోజు, రిసెప్షన్ నాటి పొద్దున ఎన్నూరులో, మా తమ్ముడు కిరణ్ ఇంట్లో, మా నాన్న పోయాడు. కిరణ్ మొదట ఫోన్ చేసింది మీకు. నేను కల్యాణ మండపంలో పక్క గదిలోనే కూర్చుని మధు చేతికి గాజులు ఎక్కిస్తున్నాను. మీరూ అత్తమ్మా తలుపు వేసుకుని నిర్ణయం చేసేశారు. వింటేనే కదా మైల, వినకపోతే లేదు. పెళ్ళయిన కూతురికి తండ్రి పోతే మూడు రోజులు. విన్నదంటే మర్నాడు కన్యాదానానికి పీటల మీద కూర్చోదు. కాబట్టి దీనికి వినపడకూడదు. అంతే, లెక్క తేలిపోయింది. నా నాన్న, నా చెవులు. నిర్ణయం మాత్రం మీది.

నా ఫోన్ అడిగితే ఛార్జింగ్‌లో ఉందన్నారు. కిరణ్ ఎందుకు రాలేదంటే నాన్నకు జ్వరం, దగ్గరున్నాడన్నారు. నేను నమ్మాను. నమ్మి, నాన్నకు ఇష్టమని లడ్డూలు మూటకట్టి వేలు చేతికిచ్చి ఎన్నూరు పంపించమన్నాను. ఆ లడ్డూలు ఎక్కడికి పోయాయో వేలు ఇప్పటికీ చెప్పడు. అడిగితే బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోతాడు.

మొన్న అంబత్తూరులో మధు ముచ్చటపడి పెళ్ళి వీడియో పెట్టింది. దానికి తెలియదు పాపం, నాకు చూపించకూడదని. రిసెప్షన్ స్టేజీ మీద నేను నవ్వుతున్నాను. నోరంతా తెరిచి, పళ్ళన్నీ కనపడేట్టు, మీ చెల్లెలి భుజం మీద వాలిపోయి మరీ నవ్వుతున్నాను. ఎన్నూరులో చితి ఇంకా ఆరి ఉండదు. ఆ నవ్వు ఇక ఎప్పటికీ ఆ వీడియోలో ఉంటుంది. నా మనవలు కూడా చూస్తారు. మా అమ్మమ్మ ఎంత సంతోషంగా ఉందో అనుకుంటారు. అది తలుచుకుంటే మీ మీద నాకు ఎంత కోపం వస్తుందో రాయడానికి మాటలు వెతుక్కోవాల్సి వస్తోంది.

మర్నాడు మధుని అప్పగించి పంపించేశాక, అత్తమ్మ ఒక చెంబుతో నీళ్ళు తెచ్చి, "మీ నాయనకి బాగలేదంట. ముందు ఈ నీళ్ళు నెత్తిన చల్లుకో, ఆ తరవాత ఎన్నూరు పోదాము" అంది. బాగాలేదంటే నీళ్ళెందుకు చల్లుకుంటారు? చెంబు చూడగానే నాకు తెలిసిపోయింది. తలారా పోసుకుంటానని బోరింగు వైపు వెళ్ళబోతే, నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఈడ ఇంకా సంబంధులోళ్ళు, మగపెళ్ళోళ్ళు ఉండారు. తడిబట్టలతో తిరిగితే ఏమనుకుంటారు? చల్లుకో, సాలు" అంది. నేను మీ వైపు చూశాను. మీరు నేల వైపు చూశారు. కన్నతండ్రి పోతే నేను చేసిన స్నానం గుప్పెడు నీళ్ళు. పూజలో పూలమీద చల్లే నీళ్ళు అంతకంటే ఎక్కువ ఉంటాయి.

ఎన్నూరు వెళ్ళేసరికి గది కడిగేసి ఉంది. మంచం గోడకు నిలబెట్టి ఉంది. ఫినాయిల్ వాసన. నాన్నను చూడలేదు, కాళ్ళు పట్టుకోలేదు. గంట దూరంలో ఉన్నదాన్ని, ఒకే ఊళ్ళో ఉన్నదాన్ని, వేరే దేశంలో ఉన్నవాళ్ళలా అన్నీ అయ్యాక వెళ్ళాను.

ఇంతవరకే అయితే బహుశా పళ్ళు బిగించి ఊరుకునేదాన్ని. పెళ్ళి ఆగకూడదని చేశారు, కూతురి మంచికే చేశారు అని నాకు నేనే మీ తరఫున వకాల్తా పుచ్చుకున్నాను కూడా. కానీ పోయిన వారం మాసికానికి ఎన్నూరు వెళ్ళినప్పుడు కిరణ్ నన్ను ఓదారుస్తున్నాననుకుని ఒక మాట అన్నాడు. "నువ్వు లేకపోతేనేం అక్కా, బావ వచ్చినాడు గదా. ముందర నిలబడి పాడె పట్టినాడు. కొడుకు మాదిరి చేసినాడు."

మీరు వెళ్ళారు!

రిసెప్షన్ రోజు మధ్యాహ్నం, పూలవాడు రాలేదు, కోయంబేడు మార్కెట్‌కి పోయొస్తానని చెప్పి వెళ్ళి, సాయంత్రానికి తడితలతో తిరిగొచ్చారు. ఇదేంటంటే చెమట పట్టింది, స్నానం చేశానన్నారు. నేనేం చేశానో గుర్తుందా? జలుబు చేస్తుందని మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టి, నా పట్టుచీర కొంగుతో మీ తల తుడిచాను. మా నాన్నను కాల్చివచ్చి పోసుకున్న నీళ్ళండీ అవి. వాటిని నా కొంగుతో, నవ్వుతూ, వేళాకోళం ఆడుతూ తుడిచాను. మీరు నోరు మెదపకుండా తుడిపించుకున్నారు.

మాసికానికి వచ్చిన పురోహితుణ్ణి పక్కకు పిలిచి అడిగాను. మామగారు పోతే అల్లుడికి కూడా మైల ఉందన్నాడు. అంటే మీరు విన్నారు, వెళ్ళారు, మోశారు, వచ్చి మర్నాడు నా పక్కన పీటల మీద కూర్చుని కన్యాదానం చేశారు. మధు కాపురానికి ఏమీ కాలేదు. మీరు కూర్చోగా లేనిది, నేను వినివుంటే ఏం మునిగిపోయేది? అన్నీ తెలిసిన మీరు ఆయన్ను చూసుకుని వచ్చారు. కన్న కూతురికి మాత్రం శాస్త్రం అడ్డమొచ్చింది. ఈ సంగతి అత్తమ్మకు తెలుసా? తెలియదనే అనుకుంటాను. తెలిస్తే ఆమె ఈపాటికి ఎన్ని శాంతులు చేయించి ఉండేదో.

ఇప్పుడు షవర్ సంగతి. నాకు అదే ఎందుకు కావాలో మీరు అడగలేదు కాబట్టి నేనే చెప్తాను. రిసెప్షన్‌నాడు మీ తల తుడిచిన ఆ పట్టుచీర కట్టుకుని, దాని కింద నిలబడాలి నేను. నాకు బాకీ పడిన స్నానం అది. బకెట్‌తో పోసుకోవచ్చుగా అంటారు, చేతి షవర్ ఎత్తి పట్టుకోమని రాశారు. నా చేత్తో నేను పోసుకుంటే అది రోజూ చేసే స్నానమే. ఇంకొకరిని పొయ్యమంటే మళ్ళీ చెంబు చేతిలో పట్టుకుని ఎన్ని నీళ్ళో వాళ్ళు నిర్ణయిస్తారు. నేను చేతులు రెండూ దించేసి నిలబడాలి. ఎవరూ కొలవని నీళ్ళు నా తలమీద పడాలి. అందుకే ఒకేసారి తడుస్తుందా అని షాపతన్ని అడిగాను.

ఇంకొకటి. ఇన్ని రోజులైంది, 'మీ నాన్న పోయారు' అన్న మాట నాతో ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. అత్తమ్మ చెంబు ఇచ్చింది. మీరు నేల చూశారు. కిరణ్ నన్ను పట్టుకుని ఏడ్చాడు. మాటగా చెప్పినవాళ్ళు లేరు. వింటేనే మైల అన్నది మీ శాస్త్రమే అయితే, నేనింకా వినలేదు. చెప్పాల్సింది మీరు. చెప్పండి.

ఇట్లు,
వినడానికి ఎదురుచూస్తున్న
సునయన

*

అశుభం

షాపునుంచి,
శుక్రవారం

సునయనకు,

పైన శ్రీకారం పెట్టలేదు, మూలలకు పసుపు రాయలేదు. మా తాత ఇలాంటి కబురు ఇలాగే రాసేవాడు. దీన్ని వేలు గడప బయటే నీ చేతికి ఇస్తాడు. ఇంట్లోకి తీసుకుపోకుండా మెట్ల మీదే చదువు. చదివి చింపెయ్యి.

నీ తండ్రి అచ్యుతరామయ్యగారు శ్రావణ మాసంలో మన అమ్మాయి రిసెప్షన్ రోజు ఉదయం ఎన్నూరులో చనిపోయారు. కాఫీ తాగి గ్లాసు కిరణ్ చేతికిచ్చి పక్కకు ఒరిగారట. పొద్దు వాలకముందే దహనం చేశాం. నేను ముందు ఎడమ వైపు భుజం ఇచ్చాను. మొహం ప్రశాంతంగా ఉందని రాస్తే నువ్వు నమ్మవు. గడ్డం మాసి ఉంది. కిరణ్ గీశాడు, గీసేటప్పుడు చెవి కింద చిన్నగా తెగింది. నాకు గుర్తున్నది అది.

ఈ మాట ఆ రోజే నీకు చెప్పాల్సినవాణ్ణి నేను. చెప్పకుండా చూసి వచ్చాను. అది తప్పు కాదని నిరూపించడానికి మంగళవారంనుంచి మూడు కాగితాలు రాసి చించేశాను. ఏదీ నిలబడలేదు.

అమ్మకు బుధవారం రాత్రి అన్నాల దగ్గర చెప్పాను. నువ్వు గదిలో తలుపు వేసుకుని ఉన్నావు. పాడె పట్టి వచ్చి పీటల మీద కూర్చున్నానన్నాను. "అయ్యయ్యో, ఎంత పని చేసినావురా! ఆ పిల్ల కాపురం?" అని గుండె పట్టుకుంది. "బాగుండాదా లేదా? నువ్వే వారం వారం ఫోన్లో మాట్లాడతా ఉండావు గదా. ఏమీ కాలేదమ్మా. సునయనని మాత్రం ఊరికే ఆపేసినాము" అన్నాను. అన్నం వదిలేసి లేచింది. షవర్ ఎందుకు కావాలన్నావో కూడా చెప్పాను. ఈసారి వద్దనలేదు.

నిన్న నీకు పెట్టె పంపాను, ఆంటోని పంపాను. దగ్గరుండి ఎత్తు నువ్వే చెప్పావని, పంపు కూడా బిగించానని ఆంటో ఇప్పుడే ఫోన్ చేశాడు. అతను చెప్పాకే ఈ కబురు పంపుతున్నాను, విన్న వెంటనే స్నానం ఉండాలి కాబట్టి. చన్నీళ్ళే పోసుకోవాలి. గీజర్ స్విచ్ పొద్దునే ఆపి వచ్చాను.

విజయకుమార్

*

పురసవాక్కం,
శుక్రవారం

ఏమండీ,

కబురు అందింది. మెట్ల మీదే చదివాను. వేలు అటు తిరిగి నిలబడ్డాడు. చించి కాలవలో వేశాను. చెవి కింద తెగిందని రాసిన ముక్క మాత్రం వెయ్యబుద్ధి కాక కాసేపు గుప్పిట్లో పట్టుకున్నాను. తర్వాత అదీ వేశాను.

నాకు మూడు రోజులు మైల. వంట చెయ్యను, క్యారియర్ రాదు, హోటల్లో తినండి. ఎవరూ నన్ను ముట్టుకోవద్దు. సోమవారం వరకు నాతో మాట్లాడొద్దు. ఆ తర్వాత కూడా మాట్లాడతానో లేదో తెలియదు. ఒక్క ఉత్తరంతో నా కోపం తీరిపోయిందని అనుకోకండి. మీరు చూసింది నేను చూడలేదు. అది ఏ షవరూ కడగలేదు. అయినా చెప్పారు. అది మాత్రం ఒప్పుకుంటాను.

పట్టుచీర కట్టుకుని నిలబడి మీట తిప్పాను. షాపతను అబద్ధం చెప్పలేదు. ఊపిరాడలేదు మొదట. చీర బరువెక్కి కాళ్ళకు చుట్టుకుపోయింది. మండపంలో నవ్వినంత నోరు తెరిచి ఏడ్చాను. పంపు చప్పుడులో బయటికి వినపడి ఉండదనుకున్నాను, కానీ అత్తమ్మ తలుపు దగ్గరే ఉంది. "సన్నీళ్ళేనా?" అని అడిగింది. అవునన్నాను. ఆమె అక్కణ్ణించి వెళ్ళలేదు.

మీకు ఒక సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఎన్నూరు థర్మల్ క్వార్టర్స్‌లో మా పెరటి గోడకు తలకంటే ఎత్తున ఒక వంకర పైపు ఉండేది. నాన్న డ్యూటీ దిగి వచ్చేసరికి జుట్టునిండా, కనురెప్పలనిండా బొగ్గు బూడిద. గుమ్మం తొక్కకుండా చుట్టూ తిరిగి పెరట్లోకి వెళ్ళి, చొక్కాతోనే ఆ పైపు కింద నిలబడేవాడు. లోపల చదువుకుంటున్న మాకు ముందు వినిపించేది ఆ నీళ్ళ చప్పుడే. నేనూ కిరణ్ పుస్తకాలు పారేసి పరిగెత్తేవాళ్ళం. మీ ఇంట్లో తలమీదినుంచి నీళ్ళు దిగితే ఎవరో పోయారని. మా ఇంట్లో అది నాన్న ఇంటికి వచ్చాడని.

అందుకే ఈ రోజు మీట కట్టెయ్యడానికి చెయ్యి రాలేదు. నిలబడే ఉన్నాను. ట్యాంకులో నీళ్ళు అయిపోయి ధార సన్నబడింది. బయటనుంచి అత్తమ్మ, "ఉండు, అట్టే నిలబడు" అంది. వెళ్ళి ఆమే మోటారు వేసింది.

ఇట్లు,
అచ్యుతరామయ్యగారి కూతురు
సునయన